ప్రజాధనం అనే అమానత్: ఒక బిల్లు నడిచిన దారి

టెక్కలి నుండి శ్రీకాకుళం వెళ్తూ నిమ్మాడ కూడలిలో ఆగినప్పుడు పరిచయస్తులైన ఒక ఉపాధ్యాయుడు నన్నిలా అడిగారు: "సాయిబుగారూ, పింఛను పేరుతో నా జీతంలో నెలనెలా కోస్తున్న సొమ్ము ఏ కంపెనీలకు పోతోందో నాకు తెలీదు. అది బొగ్గు కంపెనీకి పోతే, ఆ పాపంలో నాకూ వాటా ఉన్నట్టేనా?" ఆయన బంధువులది కాకరాపల్లి ప్రాంతం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనంపై 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఇది అమానత్‌కు సంబంధించిన ప్రశ్న. హజ్రత్ ఉమర్ (ర) బైతుల్‌మాల్ విషయంలో తమను అనాథ ఆస్తికి సంరక్షకునితో పోల్చుకొన్న సంగతి పాఠకులకు విదితమే. అనాథ సొమ్మును వృద్ధి చేయవలసిందే; కాని లాభం వస్తుందన్న సాకుతో దానిని హరామ్ వ్యాపారంలో పెట్టే హక్కు సంరక్షకునికి లేదు. ఇటువంటి నియమాన్ని ఈనాటి పార్లమెంటు చట్టంగా చేయగలదా?

ముందు మాట గురించి ఒక మాట. మన పత్రికల్లో "పెట్టుబడుల ఉపసంహరణ" అంటే విశాఖ ఉక్కు వంటి ప్రభుత్వ సంస్థల వాటాలను అమ్మడం. అనువాదకునిగా ఈ పదం నన్ను చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. ఇక్కడ దాని అర్థం వేరు: హాని చేసే కంపెనీల నుండి ప్రజాధనాన్ని వెనక్కు తీసుకోవడం.

ఐర్లండ్ ఆ పని చేసింది. థామస్ ప్రింగిల్ అనే స్వతంత్ర సభ్యుడు 2016లో ఒక బిల్లు ప్రతిపాదించారు. జాతీయ పెట్టుబడి నిధిలో అప్పుడు సుమారు 800 కోట్ల యూరోలుండేవి. అందులో 30 కోట్లకు పైగా బొగ్గు, చమురు, గ్యాస్ కంపెనీల్లో ఉన్నాయి. ప్రభుత్వం వ్యతిరేకించినా, దానికి సభలో మెజారిటీ లేనందున 2017 జనవరి 26న బిల్లు 90–53 ఓట్లతో రెండవ దశ దాటింది. అసలు పని తర్వాత కమిటీలో జరిగింది. "బొగ్గు కంపెనీ" అంటే ఏది? ఆదాయంలో 20 శాతమో అంతకు మించో ఈ ఇంధనాల నుండి వచ్చేదని నిర్వచించారు. ఇటువంటి హద్దు లేకపోతే చట్టం ఉపదేశంగానే మిగులుతుంది. ప్రభుత్వమూ సవరణలతో దారికి వచ్చింది. 2018 జూలై 12న దిగువ సభ, నవంబరులో ఎగువ సభ ఆమోదించగా డిసెంబరులో రాష్ట్రపతి సంతకం చేశారు.

అన్ని బిల్లులూ గట్టెక్కవు. ఆక్రమిత పాలస్తీనా భూభాగంలోని ఇస్రాయీల్ వలసవాసాలతో సంబంధమున్న కంపెనీల నుండి అదే నిధిని ఉపసంహరించాలని 2023లో అక్కడ మరో బిల్లు వచ్చింది. ప్రభుత్వం దానిని వాయిదా వేయించింది. అయినా 2024 ఏప్రిల్‌లో ఆరు ఇస్రాయీలీ కంపెనీల వాటాలను వదులుకొంటున్నట్లు ప్రకటన వెలువడింది. చట్టం కాని బిల్లు కూడా ఒక్కొక్కప్పుడు పని చేస్తుంది.

"మన ఎం.పీ. కూడా ఇలాంటిది పెట్టవచ్చునా?" అన్నారు ఉపాధ్యాయుడు. ఆ ప్రశ్న నిమ్మాడలో సహజమే. 1996 నుండి 2009 వరకు శ్రీకాకుళానికి లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించిన ఎర్రన్నాయుడుగారిది ఆ ఊరే. మంత్రి కాని ఏ సభ్యుడైనా పెట్టవచ్చును. లోక్‌సభలో అందుకు కేటాయించినది శుక్రవారం మధ్యాహ్నం. స్వతంత్ర భారతంలో ఆ దారిన చట్టమైన మొట్టమొదటి బిల్లు ఏదో మనలో ఎందరికి తెలుసు? సయ్యద్ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో తెచ్చిన ముస్లిం వక్ఫుల బిల్లు! అది 1954లో చట్టమైంది. అమానత్ సొమ్ముకు లెక్క చెప్పించడమే దాని ఉద్దేశం. అయితే ఇటువంటి బిల్లులు ఇంతవరకు 14 మాత్రమే నెగ్గాయి, చివరిది 1970లో.

కనుక ముందు సొమ్ము ఎక్కడుందో చూడమన్నాను. పింఛను నిధుల నిర్వాహకులు తాము వాటాలు కొన్న కంపెనీల జాబితాలు ప్రకటిస్తారు. అవి ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు చేసి పంపుతానని ఆయనకు మాట ఇచ్చాను.