వాయుభారముతో ఇంజను నూనెను మార్చు విధానము

ఎద్దుబండి గల ప్రతి రైతునకును కందెన విలువ తెలియును. కాల్చిన గడ్డి మసిని ఆముదముతో కలిపి ఇరుసునకు పూయనిచో బండి కీచుమని మొరపెట్టును, ఇరుసు అరిగిపోవును, ఎద్దులు రెట్టింపు శ్రమపడును. కాలము మారి ఎద్దుబండి స్థానమున కారు వచ్చినను ఈ ధర్మము మారలేదు. ఇంజనులోని లోహభాగములు నిమిషమునకు వేలకొలది మారులు తిరుగుచు ఒకదానితో నొకటి ఒరయుచుండును. వానికి కందెనయై నిలుచునది ఇంజను నూనె. ఈ నూనెను కారు క్రిందికి దూరకుండ, ఇంటివద్దనే, పైనుండి తీసి మార్చు విధానమును, దానియం దిమిడియున్న శాస్త్రమును మా చదువరులకు తెలుప గోరుచున్నాము.

నూనె చేయు పని రాపిడి తగ్గించుట యొక్కటియే కాదు. అది లోపలి వేడిమిని కొంత గ్రహించి కొనిపోవును, మసిని తనలో కలుపుకొని భాగములను శుభ్రపరచును, తుప్పు పట్టనీయదు. అయితే ఇట్లు సేవచేయుచునే తాను చెడిపోవును. వేడిమిచేతను, ప్రాణవాయువు చేతను అది చిక్కబడును. మసియు, తేమయు, కాలని పెట్రోలును అందు చేరును. అట్టి నూనె రక్షింపవలసిన ఇంజనునే పాడుచేయును. ఎన్ని కిలోమీటర్లకు, లేక ఎన్ని నెలలకు మార్చవలెనో కారుతో నిచ్చు పుస్తకమున వ్రాసియుండును.

సాధారణముగ ఇంజను అడుగున నున్న నూనె తొట్టికి ఒక మర యుండును. కారును పైకెత్తి, క్రింద దూరి, ఆ మరను విప్పినచో నూనె కారిపోవును. కార్ఖానాలో ఇది సులభమే. ఇంటివద్ద మాత్రము ప్రాణాపాయముతో కూడిన పని. జాకీ బండిని లేపుటకే గాని, దాని క్రింద మనుష్యుడు పనిచేయుచుండగా మోయుటకు ఏర్పడినది కాదు. అది జారినచో పైబడు బరువు ప్రాణము తీయగలదు. పడవలలో నైతే ఇంజను క్రింద పాత్ర నుంచుటకైనను చోటు చాలదు. అందుచే పడవవారు నూనెను పైనుండి పీల్చి తీయు పద్ధతి నవలంబించిరి. కార్లకును అదియే పనికివచ్చుచున్నది.

పీల్చుట యనగా నేమి? లేత కొబ్బరిబొండములో గొట్టముంచి త్రాగు బాలుడు తానే నీటిని పైకి లాగుచున్నట్లు తలచును. నిజమునకు వాని నోటిలో గాలి ఒత్తిడి తగ్గుటచే, బొండములోని నీటిపై నొత్తుచున్న బయటి గాలియే దానిని పైకి నెట్టుచున్నది. మనము వాయుసముద్రపు అడుగున నివసించుచున్నామని ఇటలీ దేశీయుడగు టోరిసెల్లి 1644లో తన లేఖలో తెలిపెను. సముద్రమట్టమున ఈ వాయుభారము చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము. గొట్టములో గాలి పూర్తిగా లేనిచో ఈ భారము నీటిని సుమారు 10 మీటర్ల యెత్తునకు నెట్టగలదు. నూనె నీటికంటె తేలిక. కారులో అది ఎక్కవలసిన యెత్తు ఒక మీటరునకు మించదు. కావున చేతిపంపుతో కొంత గాలిని తీసివేసినను చాలును.

ఇందులకు మూతగల పాత్ర, దానికి బిగించిన చేతిపంపు, సన్నని పొడవైన గొట్టము వలయును. ఇవి యొక్కటిగా అమ్మబడుచున్నవి. కారును సమతలమున నిలిపి, ఆరుబయట ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపవలెను. మూసిన గదిలో నడుపరాదు. ఆ పొగలో విషవాయువు గలదు. నూనె గోరువెచ్చనైనచో పలుచబడి సులభముగ ప్రవహించును. మిక్కిలి వేడిగానున్నచో చేయి కాలును.

పిమ్మట నూనె మట్టము చూచు డిప్‌స్టిక్కును తీసి, దాని గొట్టముద్వారా సన్నని గొట్టమును తొట్టి అడుగు తగులువరకు దింపవలెను. బలవంతముగ త్రోయరాదు. నూనె పోయు మూతను తెరచి యుంచవలెను; గాలి లోనికి వచ్చిననే గదా నూనెను నెట్టగలుగును! అంతట పంపును కొన్ని మారులు లాగినచో నూనె తనంతట తాను పాత్రలోనికి వచ్చుచుండును. గురగురమని శబ్దమైనపుడు గొట్టమును కొంచెము కదలించి మరల ప్రయత్నింపవలెను. నోటితో పీల్చు సాహస మెవరును ఎన్నడును చేయరాదు.

వచ్చిన నూనెను కొలిచి, పుస్తకమున చెప్పిన పరిమాణముతో సరిచూడవలెను. ఈ కొలతయే ముఖ్యము. కొన్ని కార్లలో గొట్టము అడుగువరకు చేరదు. కొన్నింటికి డిప్‌స్టిక్కే లేదు. వచ్చినది మిగుల తక్కువైనచో పాత నూనె లోపలనే మిగిలినదని గ్రహించి, కార్ఖానాకు కొనిపోవుట మేలు. అడుగున పేరుకొన్న మడ్డియు, లోహపు రజనును ఈ పద్ధతిచే పూర్తిగా రావనియు ఎరుగవలెను.

నూనెతోపాటు ఫిల్టరును మార్చవలెను. అది పైనుండి అందనిచో ఈ పద్ధతివలని లాభము సగము తగ్గును. క్రొత్త ఫిల్టరు రబ్బరు వలయమునకు కొంచెము క్రొత్త నూనె పూసి బిగింపవలెను. పుస్తకమున చెప్పిన రకపు నూనెను తీసిన దానికంటె కొంచెము తక్కువగా పోసి, మూత బిగించి, ఇంజనును ఒక నిమిషము నడిపి, కారుటలేదని చూచి ఆపవలెను. కొంతసేపు తాళి, డిప్‌స్టిక్కు మీది రెండు గుర్తుల నడుమ మట్టము నిలుచునట్లు నింపవలెను.

ఇక పాత నూనె మాట. చెదలు పట్టకుండ దానిని కొయ్యలకు పూయువారును, మురుగు కాలువలో పారబోయువారును కలరు. ఇది తగదు. అందు క్యాన్సరు కలిగింపగల పదార్థములు ఉండును. కావున చేతులకు తొడుగులు లేక ముట్టరాదు. నేలలో నింకిన నూనె బావినీటిని చేరును. ఆ నీటిని త్రాగువారు మన పొరుగువారే. భారతదేశమున 2016 నాటి నియమములు వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థముగ నెంచుచున్నవి. దానిని మూతగల డబ్బాలో భద్రపరచి, శుద్ధిచేయుటకు అనుమతిగల వారికి చేరవేయు కార్ఖానాకు ఒప్పగింపవలెను.

విద్యార్థులారా! వాయుభారమును గూర్చి తరగతిలో మీరు చదివిన పాఠమే ఈ పనికి ఆధారము. పెద్దల సమక్షమున దీనిని చేసిచూడుడు. నూనె గొట్టములో పైకెక్కునపుడు దానిని లాగునది పంపు కాదనియు, నెట్టునది మన చుట్టునున్న గాలి యనియు మీ తమ్ములకు, చెల్లెండ్రకు వివరింపుడు.