పుట్టువేళ శిశువు బరువు

కామారెడ్డి జిల్లాలో, మంజీరలో కలియు ఒక వాగునకు అడ్డముగా కట్టిన పోచారం జలాశయము 1922 నాటిది. దాని క్రింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతముల పొలములు సాగగును. వర్షాకాలమున నాట్లు మొదలైనవన్నచో మడిలో వంగి నాటువారు స్త్రీలే. వారిలో గర్భిణులును ఉందురు. ఆనాటి వారి శ్రమకును, తినిన తిండికిని, కొన్ని నెలల తరువాత ఆసుపత్రి త్రాసు చూపు అంకెకును దగ్గర సంబంధము కలదు.

పుట్టిన శిశువు 2,500 గ్రాములకు తక్కువ తూగినచో దానిని తక్కువ బరువు శిశువు అందురు. ఇట్టివారు రెండు రకములు. 37 వారములు నిండకయే పుట్టినవారు కొందరు. నెలలు నిండియు గర్భములో తగినంత ఎదగనివారు మరికొందరు. మన దేశమున ఈ రెండవ రకమే ఎక్కువ.

28 వారముల నాటికి గర్భస్థ శిశువు సుమారు ఒక కిలో మాత్రమే తూగును. 40 వారములకు మూడు కిలోలు కావలెను. అనగా బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలలలోనే చేరవలెను. సరిగా ఆ నెలలలోనే పల్లెలలో కొందరు పెద్దలు గర్భిణికి అన్నము తగ్గింతురు! బిడ్డ పెద్దదైన కాన్పు కష్టమగునని వారి భయము. ఆసుపత్రి ఆమడ దూరమున్న రోజులలో కష్టపు కాన్పు ప్రాణగండమే కనుక ఆ భయమును మనము ఎగతాళి చేయరాదు. కాని ఉపాయము తప్పు. పోషణ చాలనప్పుడు శిశువు శరీరము తనకు అందిన రక్తమును ముందుగా మెదడునకు పంచుకొనును. తగ్గునది కండ, కొవ్వు. తల అంతగా తగ్గదు. కాన్పులో ఇరుకు సాధారణముగా తలకే గదా!

దీనికి మంచి నిదర్శనము పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశమున దొరకినది. అక్కడ కూడ వానకాలమే పొలము పనుల కాలము, గాదెలు ఖాళీయగు కాలము. కొన్ని గ్రామములలో గర్భిణులకు కడుపు సగము నెలలు దాటినప్పటి నుండి వేరుసెనగ బిస్కెట్లు ఇచ్చిరి. తక్కిన గ్రామములలో కాన్పు తరువాతనే ఇచ్చిరి. 1997లో వెలువడిన ఫలితములను బట్టి శిశువుల బరువు సగటున 136 గ్రాములు, ఆకలి కాలములో 201 గ్రాములు పెరిగినది. తల చుట్టుకొలత పెరిగినదో, 3 మిల్లీమీటర్లు మాత్రమే. మృతశిశు జననములును, మొదటి వారపు మరణములును తగ్గినవి.

తిండి ఒక్కటే కారణము కాదు. తల్లి రక్తములోని ప్రాణవాయువు, గ్లూకోసు మొదలగునవి మాయ ద్వారా శిశువునకు చేరును. రక్తహీనత కల తల్లి నుండి ప్రాణవాయువు తక్కువగా అందును. పొగాకులోని నికోటిను మాయకు పోవు రక్తనాళములను కుదించును. ఈ జిల్లాలో బీడీలు చుట్టి బ్రతుకు ఇండ్లు చాల ఉన్నవి కనుక ఈ సంగతి తేలికగా వదలరాదు. ఇంటిలో మరొకరు త్రాగిన పొగ కూడ గర్భిణికి చేరును. పిన్నవయసున గర్భము, కాన్పునకు కాన్పునకు ఎడము లేకుండుట, మలేరియా వంటి జ్వరములు ఇతర కారణములు.

నెలలు పెరిగిన గర్భిణికి రోజుకు 350 కాలరీలు అదనముగా కావలెను. ఒక జొన్నరొట్టె, గరిటెడు పప్పు, చిన్న గ్లాసు పాలు చేర్చిన సుమారుగా సరిపోవును. ఇనుము మాత్ర 180 దినములు వేసుకొనవలెను. దానిని టీతో మ్రింగిన ఇనుము సరిగా ఒంటబట్టదు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము అంగన్‌వాడీలో గర్భిణికి గుడ్డు, పాలతో మధ్యాహ్న భోజనము ఏర్పరచినది. 2022 డిసెంబరులో పోషకాహార కిట్లు మొదట ఇచ్చిన తొమ్మిది జిల్లాలలో కామారెడ్డి ఒకటి. అయితే నాట్ల దినములలో పొద్దున్నే మడికి పోయిన స్త్రీ మధ్యాహ్నము అంగన్‌వాడీకి ఎట్లు రాగలదు? ఆమెను బరువు పని నుండి తప్పించుట ఇంటివారి చేతిలోనిది.

ఇక చిన్నదిగా పుట్టిన బిడ్డ మాట. చెంబులోని వేడినీరు కాగులోని నీటికంటె త్వరగా చల్లారునట్లే, చిన్న శరీరము వేడిని త్వరగా కోల్పోవును. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో వైద్యులు ఇట్టి శిశువులను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచి, తల్లిపాలు పట్టించు పద్ధతి ఆరంభించిరి. నేడు అది మన ఆసుపత్రులలోను ఉన్నది. తల్లి అలసినప్పుడు తండ్రి గాని, అమ్మమ్మ గాని బిడ్డను అట్లే ఎదపై ఉంచుకొనవచ్చును.