వరదలో మునిగిన కుట్టుమిషనును బాగుచేయు విధము

మగ్గము విడిచి ముంబయి చేరిన మన కుటుంబములలో కుట్టుమిషనే ఆధారముగా బ్రతుకువారు కలరు. ధారావి గదులలో అది నేలమీదనే యుండును గనుక, వరద వచ్చినప్పుడు మొదట మునుగునది అదియే. అట్టి మిషనును ఎట్లు దక్కించుకొనవలెనో ఇచ్చట వివరించుచున్నాము.

2005 జూలై 26న శాంతాక్రజ్ వద్ద 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. అదే దినమున దక్షిణమున కొలాబాలో 73 మిల్లీమీటర్లే. విహార్, పొవాయి చెరువుల పొర్లునీటిని తెచ్చు మీఠీ నది ధారావి ప్రక్కగా పోయి మాహిం వద్ద సముద్రమున కలియును. సముద్రము పోటు మీద నున్నచో ఆ నీరు దిగక వెనుకకు తన్నును. కావున ఇండ్లలోనికి వచ్చునది వట్టి వాననీరు కాదు. అందు బురద, మురుగు, ఉప్పు కలిసియుండును. బురద ఇరుసులను అరగదీయును, ఉప్పు ఇనుమును తినును.

నీరు తీయగానే "నడుచునేమో చూతము" అని స్విచ్చి వేయుట అన్నిటికంటె పెద్ద ప్రమాదము. తడిసిన మోటారుకు కరెంటు ఇచ్చినచో వైండింగు కాలును, తాకిన మనిషి ప్రాణమునకే ముప్పు. నీటిలో నిలిచి ప్లగ్గును గాని మెయిన్ స్విచ్చిని గాని ముట్టరాదు. పొడిచోట నిలిచి మెయిన్ ఆపుటకు వీలుకానిచో ఎలక్ట్రీషియనును పిలువవలెను.

కాలికి గాయమున్నవారు మురుగునీట దిగరాదు. 2005 వరద తరువాత ముంబయిలో లెప్టోస్పైరోసిస్ జ్వరము వ్యాపించినది. రబ్బరు బూట్లు, చేతితొడుగులు వేసికొని పని చేయవలెను. జ్వరము వచ్చినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

కడుగుటకు ముందు మిషను ఫోటో తీసి, దాని నెంబరు వ్రాసి యుంచుడు. పంచనామాకు, బీమాకు అది ఆధారము.

పిమ్మట బెల్టు తీసి మోటారును వేరుచేయవలెను. సూదిక్రింది పలక, బాబిన్ కేసు విప్పి, బురద ఎండకముందే మంచినీటితో కడుగవలెను. బురద ఎండి గట్టిపడిన పిదప చక్రమును బలవంతముగా త్రిప్పరాదు. గుడ్డతో తుడిచి, కిరసనాయిలులో ముంచిన కుంచెతో సందులన్నియు శుభ్రము చేయవలెను. ఈ పని పొయ్యికి, దీపమునకు దూరముగా, గాలి తగులుచోట చేయవలెను. పెద్ద మిషనుల క్రిందనుండు నూనెతొట్టిలో నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గుర్తు. దానిని పూర్తిగా పారబోయవలెను.

బాగుగా ఆరిన తరువాత ప్రతి నూనెరంధ్రమునందు మిషను నూనె రెండేసి చుక్కలు వేసి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుడు. కొబ్బరినూనె, ఆముదము వాడరాదు, అవి జిగురుకట్టును. చెక్కబల్లను నీడలోనే ఆరబెట్టవలెను. ఎండలో పెట్టిన వంకరపోవును.

మోటారు ఇంట విప్పవలసినది కాదు. తెలిసిన పనివానిచే కడిగించి, ఆరబెట్టించి, మెగ్గరుతో పరీక్ష చేయించుడు. 1 మెగోముకు తక్కువ చూపినచో నడుపరాదు. తడిసిన స్విచ్చి, కెపాసిటరు మార్చుటయే మేలు.

ఇంటిలోని బట్టలుతుకు యంత్రమునకు, గిన్నెలు కడుగు యంత్రమునకు కూడ ఇదే సూత్రము. వాటి మోటారు, పంపు అడుగుననే యుండును. ఎలక్ట్రీషియను చూడనిదే కరెంటు ఇవ్వరాదు. మురుగు పీల్చిన దూదిపొరను పారవేయవలెను. జాలి, గొట్టములు కడిగి, మొదటిసారి గిన్నెలు గాని బట్టలు గాని వేయక వేడినీటితో వట్టిగా నడుపవలెను.

తడి పడుగును తొందరపడి లాగిన పోగులు తెగునని మనకు తెలియనిది కాదు. నిదానమే ప్రధానము. నాలుగు దినముల పని ఆగినను, మోటారు కాల్చుకొని మరల చుట్టించుకొనుటకంటె అది తక్కువ నష్టమే. వానకాలమునకు ముందే ప్లగ్గు పలకను గోడపై ఎత్తున బిగించుకొనుడు. నీరు వచ్చు సూచన కనబడగానే కరెంటు ఆపి, మోటారు విప్పి అటకపై పెట్టుడు.