బాలనాగమ్మ మరీ ఆదర్శమూర్తియా?

పిల్లలకు కథలు చెప్పే పెద్దలున్న తెలుగు ఇంట బాలనాగమ్మ పేరు వినబడక మానదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి ఉద్యోగార్థులై అనేక కుటుంబాలు బిలాస్‌పూర్ వైపునకు తరలివచ్చాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయిన పిదప స్వగ్రామాలతో రాకపోకలు సుకరమైనవి. తిఫ్రాలోను, రైల్వే కాలనీలలోను స్థిరపడిన తెలుగువారి సామానుతోపాటు అమ్మమ్మల కథలు కూడా ఇచటికి వచ్చాయి. నేడు మన పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ వింటున్నారు. తెలుగులో వారికి చేరే కొద్దిమంది నాయికలలో బాలనాగమ్మ ఒకతె గనుక, ఆమెను ఏ రూపంలో చేరవేస్తున్నామన్నది ఆలోచింపదగిన విషయం.

ఆమెపై ఆక్షేపణ ఒకటున్నది. మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి నాగుళ్లపూడి గట్టుకు తీసుకొనిపోతాడు. ఆమె ఏళ్ల తరబడి అక్కడ బందీగా ఉంటుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వచ్చి విడిపిస్తాడు. అంతవరకు కన్నీరు, ఓర్పు, పాతివ్రత్యం! నేటి ఆడపిల్లకు ఇట్టి నిరీక్షణను ఆదర్శంగా చూపవచ్చునా అని చదువుకున్న తల్లులు అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనదే.

అయితే కథను మరల ఒకసారి పరికించండి. ఆమెను విడిపించుటకు బయలుదేరిన భర్త కార్యవర్ధిరాజు, అతని అన్నలు సైన్యంతో సహా ఫకీరు మంత్రానికి రాళ్లై నిలిచిపోతారు. కత్తులు పట్టిన వారందరూ శిలలైన చోట ఆమె ఒంటరిగా, నిరాయుధగా నిలుస్తుంది. వ్రతమున్నదని చెప్పి గడువు కోరుతుంది. ఆ గడువునే కోటగోడగా కట్టుకుంటుంది. (సంఘం తరఫున యాజమాన్యంతో చర్చలు జరిపిన మన మిత్రులకు గడువు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.) కొడుకు చేరిన తరువాత సైతం అసలు కార్యం ఆమెదే. తాను లొంగినట్లు నటించి, తీయని మాటలతో ఫకీరు ప్రాణరహస్యం రాబడుతుంది. ఏడు సముద్రాల ఆవల చిలుకలో ప్రాణమున్నదన్న మాట ఆమె తెలుసుకొననిదే బాలవర్ధిరాజు సాహసానికి దారే లేదు.

మరి ఈ చతురురాలు ఎక్కడ మరుగుపడినది? కొంత దోషం వెండితెరదని మా అభిప్రాయం. 1942లో జెమినీ వారి చిత్రంలో కాంచనమాల, 1959 నాటి చిత్రంలో అంజలీదేవి ఈ పాత్రను ధరించారు. మొదటి చిత్రంలో ఫకీరుగా గోవిందరాజుల సుబ్బారావు గారి నటనను ప్రేక్షకులు చిరకాలం చెప్పుకున్నారు. తెరమీద కన్నీటికున్న కాంతి ఎత్తుగడకు ఉండదు. మిగిలిన దోషం మనదే: నిద్రవేళ తొందరలో ఆమె యుక్తిని ఒక్క వాక్యంలో ముగించి, చిలుక మెడ విరిచే ఘట్టానికి పరుగెత్తుతాము.

మన పొరుగున ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో పాడే చందైనీ గాథ ఇందుకు భిన్నమైనది. అందులో చందా తన భర్తను విడిచి, వలచిన లోరిక్‌తో వెళ్లిపోతుంది. ఆమెను ఎవరూ ఆదర్శమూర్తి అనరు. అయినను రాత్రులు మేల్కొని ఆమె కథ వింటారు. అది పసిపిల్లలకు చెప్పే కథ కాదు గాని, నాయిక నిర్దోషియై ఉండనక్కరలేదని తెలుపుతున్నది. బాలనాగమ్మను ఆదర్శ పీఠం నుండి దించి చందా సరసన నిలుపవలసిన పనిలేదు. ఆమె కథలోనే ఉన్న అబద్ధాన్ని దాచకుండా చెప్పితే చాలును.

ఆ ఘట్టం వద్ద పిల్లలు తరచు అడుగుతారు: "అయితే బాలనాగమ్మ ఫకీరుతో అబద్ధమాడిందా?" పెద్దలు దగ్గి, మాట మారుస్తారు. ఆడిందని చెప్పి, ఎందుకాడినదో ఆ పిల్లలనే అడిగి, అటుపిమ్మట సముద్రాలు దాటవచ్చును. చిలుక ఎక్కడికీ ఎగిరిపోదు.