అద్దం పోయింది, కెమెరా చిక్కింది

ఫిల్ము కాలపు ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా చేతికి దొరికితే లెన్సు విప్పి లోపలికి చూడండి. గుమ్మంలోనే 45 డిగ్రీల వాలులో ఓ చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కితే టక్కున పైకెగిరి, మళ్లీ దిగి తన చోట కూర్చుంటుంది. పెళ్లిళ్లలో తాళి కట్టే వేళ బాజాల నడుమ వినిపించిన టకటకల్లో పెద్ద వాటా ఆ అద్దానిదే. ఇప్పుడు మిర్రర్‌లెస్ పేరుతో అమ్ముతున్న కెమెరాల కథంటే ఆ అద్దం ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది అన్న కథే. మొదటిసారి కొనేవారికి దుకాణంలో చెప్పే మెగాపిక్సెళ్ల లెక్క కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

లెన్సు ఏం చూస్తోందో కంటికి చూపించడం, అంతే అద్దం పని. లోపలికొచ్చిన వెలుతురు అద్దానికి తగిలి పైకి మళ్లి, గరుకు గాజు మీద బొమ్మ కడుతుంది. ఈ ఆలోచనకు ఇంగ్లండులో థామస్ సటన్ 1861లోనే పేటెంటు తీసుకున్నాడు. కాకపోతే ఆ బొమ్మలో కుడి ఎడమలు తారుమారయ్యేవి, దాన్ని పైనుంచి తొంగిచూడాల్సి వచ్చేది. 1949లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్ ఆ గాజు పైన పట్టకం పెట్టి, బొమ్మను సరిచేసి కంటి ఎత్తుకు తెచ్చింది. కెమెరా నెత్తిన గూనిలా కనిపించేది ఆ పట్టకం గూడే. అప్పటికీ ఓ చిక్కు మిగిలింది. ఒకసారి పైకి లేచిన అద్దం ఫిల్ము తిప్పేదాకా కిందికి దిగేది కాదు, అందాకా ఫొటోగ్రాఫరు కంటికి చీకటే. 1954లో జపాన్‌లో ఆసాహీఫ్లెక్స్ 2బీ ఆ చీకటిని రెప్పపాటుకు కుదించింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక ఇక అద్దానిదే రాజ్యం.

ఈ వైభవానికి ఖరీదు, చోటు. అద్దం ఊగడానికి లెన్సు వెనక ఖాళీ కావాలి. నికాన్ ఎఫ్‌లో లెన్సు బిగించే పళ్లేనికీ ఫిల్ముకూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. కెమెరా లావంతా అక్కడే ఉంది.

ఫిల్ము పోయి సెన్సర్ వచ్చినప్పుడే అద్దం ఉద్యోగం ఊడిపోవాల్సింది. ఎందుకంటే సెన్సర్ తాను చూస్తున్నదాన్ని ఎప్పటికప్పుడు తెరమీద చూపించగలదు. కానీ తొలినాళ్ల తెరలు నత్తనడక నడిచేవి. పైగా ఫోకస్ కుదిర్చే పరికరానికి వెలుతురు పంపడం కోసం పెద్ద అద్దం వెనక ఇంకో బుల్లి అద్దం కాపురముండేది. దాంతో అద్దం మరికొన్నేళ్లు బతికింది.

2008లో పానసోనిక్, ఒలింపస్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే కొత్త కొలతలు ప్రకటించాయి. అద్దం తీసేయడంతో లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తమ పాత కొలతలో సగానికి, 20 మిల్లీమీటర్ల లోపుకి దిగింది. ఆ ఏడాదే వచ్చిన పానసోనిక్ జీ1 ఈ వంశంలో పెద్దది. విచిత్రమేమంటే పట్టకం లేకపోయినా దాని నెత్తిన గూని మాత్రం ఉంచారు. లోపల పెట్టింది చిన్న ఎలక్ట్రానిక్ తెర. ఇవాళ వీడియో కోసమే మిర్రర్‌లెస్ కొనేవారున్నారు గానీ, ఆ జీ1లో వీడియోనే లేదు!

2010లో సోనీ నెక్స్-5 వచ్చింది. బాడీ మరీ పల్చన, దానికిచ్చిన 18-55 జూమ్ లెన్సు మాత్రం డబ్బాలా ఉండేది. పిట్ట కొంచెం, ముక్కు ఘనం. నా ఉద్దేశంలో కొత్తవాళ్లు అర్థం చేసుకోవాల్సిన కిటుకంతా ఆ ముక్కులోనే ఉంది. అద్దం పోతే చిక్కేది బాడీ. లెన్సు అంత తేలిగ్గా చిక్కదు, అది సెన్సర్ అంతటా బొమ్మ పరచాలి కదా. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. సెన్సర్ పెరిగేకొద్దీ, అదే దృశ్యానికి అంతే వెలుతురు పట్టే లెన్సూ బరువెక్కుతుంది. నేనూ ఫుల్‌ఫ్రేమ్ బాడీ చిన్నగా ఉందని మురిసిపోయి, దానికి పెద్ద జూమ్ తగిలించినవాణ్నే. గోల్కొండ కోట మెట్లు సగం ఎక్కేసరికి అది మెడలోంచి సంచిలోకి పోయింది, ఆ తర్వాత చాలాకాలం బీరువాలోనే ఉంది. వెంట తిప్పుకునే కెమెరాయే కావాలంటే ఏపీఎస్-సీ గానీ మైక్రో ఫోర్ థర్డ్స్ గానీ చాలు. డబ్బు మిగిలితే కొత్త మోడల్ బాడీ మీద కాదు, జూమ్ లేని చిన్న లెన్సు మీద పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు ఆ లెన్సుల వంశం బతికుందో లేదో కనుక్కోవాలి. నికాన్ 1 వరస 2018లో ఆగిపోయింది. కెనాన్ ఈఓఎస్ ఎం కథా ముగిసింది. ఆ ఎం లెన్సులు 18 మిల్లీమీటర్ల దూరానికి చేసినవి, కెనాన్ కొత్త ఆర్‌ఎఫ్ మౌంటు 20 మిల్లీమీటర్లది. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతో పాత లెన్సులు కొత్త బాడీకి పనికిరాకుండా పోయాయి.

అద్దం లేని ఇంట్లో ఇబ్బందులూ లేకపోలేదు. తెర వెలుగుతూనే ఉండాలి కాబట్టి బ్యాటరీ త్వరగా దిగుతుంది, రెండోది కొనక తప్పదు. చాలా మోడళ్లలో లెన్సు తీయగానే సెన్సర్ బట్టబయలు. దాని మీద దుమ్ము పడితే నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరలు పడతాయి, రబ్బరు బ్లోయర్ వాడండి. అయితే నేర్చుకునేవాడికి ఈ తెర చేసే మేలు అద్దం ఎన్నడూ చేయలేదు. చక్రం తిప్పుతుంటే ఫొటో తెల్లబోతుందో నల్లబడుతుందో నొక్కకముందే కళ్లెదుట కనిపిస్తుంది.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌ను మాత్రం అనుమానించండి. చాలా కెమెరాల్లో సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాక, వరసలు వరసలుగా చదువుతుంది. ఆ కాస్త వ్యవధిలో కదిలినవి వంకర్లు పోతాయి, కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో చారలు పడతాయి. దుకాణానికి వెళ్లినప్పుడు బాడీని ఒంటరిగా చూసి బేరం కుదుర్చుకోకండి. మీరు కొనబోయే లెన్సు బిగించి చేతికివ్వమనండి, ఓ పది నిమిషాలు మెడలో వేసుకుని నిలబడండి. తర్వాత సైలెంట్ షట్టర్ పెట్టి, తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్‌ను ఓ ఫొటో తీయండి. రెక్కలు కొడవళ్లలా వంగితే పెళ్లి డాన్సులకు మామూలు షట్టరే వాడాలని గుర్తుపెట్టుకోండి.