కోట ముంగిట మసకబారిన కటకం

ఆగస్టు మాసపు సాయంకాలం. స్వదేశం నుండి వచ్చిన తాతగారికి, నాయనమ్మగారికి మస్కట్ పాతనగరం చూపించాలని ఒక తెలుగు కుటుంబం బయలుదేరుతుంది. అల్ ఆలం రాజప్రాసాదానికి ఇరుప్రక్కల, రేవుకు కాపలా కాస్తున్నట్లు జలాలీ, మిరానీ కోటలు నిలిచి ఉన్నాయి. ఇవి పోర్చుగీసువారు 1580వ దశకంలో పూర్తిచేసిన కోటలు. 1650లో ఒమానీలు వారిని మస్కట్ నుండి వెళ్ళగొట్టారు. పెద్దవారిని కోట ఎదుట నిలబెట్టి, చల్లని కారులో నుండి కెమెరా తీసి గురిపెట్టేసరికి కోటా లేదు, సముద్రమూ లేదు. అంతా తెల్లని మసక. రుమాలుతో తుడిచిన మరుక్షణమే మళ్ళీ మసక. కెమెరా చెడిపోయిందని తండ్రి విసుగుకుంటాడు. నిజానికి చెడిపోయినదేదీ లేదు.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరి అందులో ఇముడుతుంది. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 40 గ్రాముల ఆవిరి ఉండగలదు. సాపేక్ష ఆర్ద్రత 70 శాతమైతే ఉన్నది 28 గ్రాములు. ఈ గాలి దాదాపు 29 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. ఆ ఉష్ణోగ్రతకే తుషార స్థానమని పేరు. కారులో 22 డిగ్రీలకు చల్లబడిన కటకాన్ని తాకిన గాలి 19 గ్రాములకు మించి ఆవిరిని నిలుపుకోలేదు. మిగిలినది బిందువులై గాజుపై పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో నుండి తీసిన మంచినీళ్ళ గ్లాసుకు చెమట పట్టడం కూడా ఇదే.

బాల్టిక్ తీరాన ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో కథ తలక్రిందులవుతుంది. 1997లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ పాతనగరాన్ని సున్నాకు 20 డిగ్రీల దిగువన చిత్రించేవారికి వీధిలో ఈ చిక్కు లేదు. అంత చలిలో ఘనపు మీటరు గాలిలో ఉండే ఆవిరి గ్రాముకు అటూ ఇటూ మాత్రమే. వెచ్చని గదిలోకి అడుగుపెట్టగానే గడ్డకట్టిన కెమెరా తడిసిపోతుంది. అక్కడ ఇంటికి వస్తే మసక, ఇక్కడ ఇల్లు దాటితే మసక, సూత్రం ఒక్కటే. ఒమాన్‌లోనే సుమారు 3000 మీటర్ల ఎత్తున్న జెబెల్ షమ్స్‌పై శీతకాలపు రాత్రి గడిపి, వేకువనే వెచ్చని కారెక్కేవారికి ఆ బాల్టిక్ అనుభవం కూడా దక్కుతుంది.

నివారణ సులభం. చల్లని చోటనే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. బయటకు వచ్చాక అరగంట ఆగితే కెమెరా పరిసరాల ఉష్ణోగ్రతకు చేరుకుంటుంది. తేమ సంచి మీదనే పేరుకుంటుంది. అంతవరకు కటకాన్ని విప్పరాదు, తుడవరాదు. సముద్రతీరాన తుడవడం మరీ ప్రమాదం. గాలిలోని ఉప్పు రేణువులు ఆర్ద్రత 75 శాతం దాటితే తామే నీటిని పీల్చుకుని ద్రవిస్తాయి. వాటితో కలిసిన ఇసుక ధూళి రుమాలు క్రింద గాజును గీరుతుంది.

ఇంతకన్న పెద్ద నష్టం ఇంట్లో నిశ్శబ్దంగా జరుగుతుంది. వేసవి సెలవులకు స్వదేశం వెళుతూ ఏసీ ఆపి, తాళం వేసిన ఇంటిలో కెమెరా, ఆల్బములు రెండు నెలలపాటు ఉక్కలో మగ్గుతాయి. తేమలో కటకంపై బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అనేక రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. 1970, 1980 దశకాల రంగుల ఫోటోలు అనేకం ఎర్రబారడానికి కారణమిదే: ఆ కాగితాలలోని నీలి-ఆకుపచ్చ రంగు, చీకటిలో దాచినా సరే, వేడికి మిగిలిన రంగులకన్న త్వరగా విచ్ఛిన్నమయ్యేది.

కనుక ప్రయాణానికి ముందు కెమెరాను, కటకాలను సిలికా జెల్‌తో సహా గాలి చొరని డబ్బాలో ఉంచాలి. గ్రాము సిలికా జెల్‌లోని సూక్ష్మరంధ్రాల ఉపరితలం కొన్ని వందల చదరపు మీటర్లు; అందుకే దానికంత దాహం. రంగు మారే గుళికలైతే తేమతో నిండిన సంగతి అవే తెలుపుతాయి. పాత ఫోటోలకు నకళ్ళు తీయించి, అసలు ప్రతులను ఏసీ ఆగని మిత్రుల ఇంట ఉంచడం మేలు.

జలాలీ, మిరానీలు నాలుగు వందల వేసవులకు తట్టుకున్నాయి. వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. వాటి ముందు నిలబడిన తాతగారి చిరునవ్వుకు ఆ కాగితమే కోట.