తొలి రేసు కార్టును ఎన్నుకొనుట

నగరముల శివారులయందలి వినోదస్థలములలో రుసుము చెల్లించి పది నిమిషములసేపు గో-కార్టు నడిపి, మలుపు తిరుగునప్పుడు దేహమంతయు ప్రక్కకు లాగబడుటలోని ఉల్లాసమును చవిచూచినవారిలో కొందరికి, స్వంతముగా ఒక రేసు కార్టును సంపాదించి పోటీలలో దిగవలెనను కోరిక కలుగుట సహజము. ఐర్టన్ సెన్నా, మైకేల్ షూమాకర్, లూయిస్ హామిల్టన్ వంటి జగద్విజేతలు బాల్యముననే కార్టులపై ఓనమాలు దిద్దినవారు గనుక, ఆ కోరిక తేలికగా త్రోసిపుచ్చదగినదియు కాదు. అయితే ఉత్సాహము పొంగిన వేళ మనుష్యుడు మొదట అడుగునది, ఈ బండి ఎంత వేగముగా పోవునని. దీనిని ఎంత తరచుగా, ఎవరితో కలిసి నడుపగలనని అడుగుకొన్నవాడే తనకు తగిన బండిని ఎన్నుకొనగలడు.

రేసు కార్టు చూపునకు అతిసామాన్యమైన యంత్రము. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు, రేసు కార్ల నిర్మాణమున ఆరితేరిన ఆర్ట్ ఇంగెల్స్ ఉక్కు గొట్టములను అతికి చట్రము కూర్చి, గడ్డికోత యంత్రపు చిన్న ఇంజనును దానికి అమర్చి మొదటి కార్టును నడిపినది మొదలు నేటివరకు దాని మూలస్వరూపము మారలేదు. కారునకువలె దీనికి స్ప్రింగులు లేవు, డిఫరెన్షియల్ లేదు. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి ఒకే వేగముతో తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలసియుండగా, రెండును సమముగా తిరిగినచో బండి మలుపు తిరుగక మొరాయించును. ఈ చిక్కు విడిపోవు తీరు మిక్కిలి రమణీయమైనది: స్టీరింగు త్రిప్పగనే ముందు చక్రముల అమరికవలన లోపలి ముందు చక్రము నేలను క్రిందికి నొక్కును, దానితో చట్రము మెలిపడి, లోపలి వెనుక చక్రము నేలనుండి రవంత పైకి లేచును, బండి స్వేచ్ఛగా మలుపు తిరుగును. ఆ చట్రము అట్లు మెలిపడి మరల యథాస్థితికి వచ్చుటయందే కార్టు నడకయంతయు ఇమిడియున్నది. కావున కొనువాడు ఇంజనుకంటె ముందు చట్రమును చూడవలెను.

ఇంజనులయందు భేదములు పెక్కు. అద్దె కార్టులలో కనబడు నాలుగు స్ట్రోకుల ఇంజను నెమ్మదియైనది, దీర్ఘాయువు కలది, పోషణకు సులభమైనది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థవారి 206 ఇంజను ఈ తెగకు చెందినది. సుమారు 9 అశ్వశక్తి మాత్రమే యున్నను, అమెరికా, కెనడా దేశములలో వేలాది ప్రారంభకులు దానిపైననే పోటీ నేర్చుచున్నారు. రెండు స్ట్రోకుల ఇంజను బరువునుబట్టి చూడగా మిక్కిలి శక్తిమంతము. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను, కార్బురేటరును వాతావరణమునుబట్టి సరిచూచుకొనవలెను. ఈ జాతిలో ఆస్ట్రియా దేశపు రోటాక్స్ మాక్స్ ప్రసిద్ధము. 125 సీసీల ఈ ఇంజను నీటితో చల్లబడును, మీట నొక్కగనే ప్రారంభమగును. జూనియర్ తరగతిలో సుమారు 23, సీనియర్ తరగతిలో సుమారు 30 అశ్వశక్తి నిచ్చును. అధికృత కేంద్రమువారు ముద్ర వేసి మూసిన ఇంజనులతోనే పోటీ జరుగుటచేత, ధనికుడు రహస్యముగా తన ఇంజనును బలపరచుకొను అవకాశము సన్నగిల్లినది. ఇక ఆరు గేర్లును, ముందు చక్రములకు సైతము బ్రేకులును గల 125 సీసీల గేరు కార్టు మనస్సు నాకర్షించునదియే. కాని మలుపులో ఏ గీత పట్టుకొని పోవలెనో, ఎచ్చట బ్రేకు వేయవలెనో ఇంకను తెలియనివానికి అది నేర్పునకు బదులు భయమును, అలసటను మాత్రమే మిగుల్చును.

ఏ ఇంజను కొనవలెనను ప్రశ్నకు సమాధానము అంగడిలో కాక ట్రాకువద్ద దొరకును. తాను తరచుగా పోగల ట్రాకునకు పోటీదినమున పోయి, ఏ తరగతిలో ఎక్కువమంది దిగుచున్నారో చూచి, ఆ తరగతి బండినే కొనుట క్షేమము. తోటివారి వద్ద విడిభాగములు దొరకును, సలహా దొరకును, నేడు కొన్న బండిని రేపు అమ్మనెంచినచో కొనువాడును దొరకును. అన్నింటికంటె మించి, సమానమైన బండ్లమధ్య వెనుకబడినవానికి లోపము తన నడుపుటలోనే కలదని స్పష్టముగా తెలియును. మన దేశమున రోటాక్స్ తరగతులకు జాతీయస్థాయి పోటీలు జరుగుచు వచ్చినవి. వానిలో పాల్గొనుటకు భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్యవారి లైసెన్సు కావలెను. దక్షిణమున బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు ప్రాంతములు ఈ క్రీడకు చిరకాలముగా నెలవులు. హైదరాబాదు, విజయవాడ వాసులు ఆ ప్రయాణవ్యయమును మొదటనే లెక్కలోనికి తీసికొనవలెను. కొనుటకు ముందు ఏదేని జట్టువద్ద అద్దెకు బండి తీసికొని కొన్ని దినములు సాధన చేయుట మరింత మేలు.

పాత బండియే ప్రారంభకునికి చాలును; కాని పరీక్షించి కొనవలెను. చట్రము అడుగున పోవు గొట్టములు నేలకు రాచుకొని చదునై పలుచబడినవేమో వ్రేలితో తడవి చూడవలెను. అతుకులవద్ద పగుళ్లున్నవేమో, సమతలమైన బల్లపై నుంచినప్పుడు చట్రము వంకరగా నిలుచుచున్నదేమో గమనింపవలెను. వెనుక ఇరుసును చేతితో త్రిప్పి చూచినచో వంపు ఉన్న యెడల అప్పుడే కంటికి తెలియును. ఇంజను మునుపు విప్పి సరిచేసిన తరువాత ఎన్ని గంటలు నడిచినదో అడిగి, పత్రములు చూపగలవాని వద్దనే కొనవలెను. రోటాక్సువంటి ఇంజనునకు సుమారు 50 గంటలకొకమారు ఆ సేవ అవసరమగును.

కూర్చుండు సీటు విషయమున ఉపేక్ష తగదు. నడుపువాని బరువు ఇంచుమించు బండి బరువుతో సమానమగుటచేత, అతడెక్కడ, ఎట్లు కూర్చుండునో దానినిబట్టియే నాలుగు చక్రములపై భారము పంచబడును. కావున పాత యజమాని సీటును తీసివేసి తన నడుమునకు సరిపడు దానిని అమర్చుకొనవలెను. ఎదిగెడు పిల్లలకు వదులుగా చొక్కా కుట్టించినట్లు, వచ్చు సంవత్సరమునకు సరిపోవునని పెద్ద చట్రమును కొనుట తల్లిదండ్రులు సాధారణముగా చేయు పొరపాటు. పెడలు సరిగా అందని బాలుడు నేర్చుకొనజాలడు, క్షేమముగను ఉండజాలడు.

చేతనున్న ధనమంతయు బండిపై వెచ్చింపరాదు. టైర్లు, గొలుసు, పళ్లచక్రములు, బ్రేకు ప్యాడ్లు, నూనె, ప్రవేశరుసుము ప్రతిమాసము ధనమును కోరుచుండును. రేసు కార్టునకు సీటుబెల్టు లేదు; పైన రక్షణపంజరము లేనందున, బండి బోల్తాపడినచో మనిషి దానినుండి వేరుపడుటయే మేలని అట్లు నిర్ణయించిరి. అందువలన మంచి హెల్మెట్టు, ప్రక్కటెముకల కవచము, దళసరి దుస్తులు, చేతితొడుగులు, బూట్లు బండికంటె ముందు కొనవలసిన వస్తువులు. వానియందు పొదుపు చేయుట దేహముతో జూదమాడుట.

ఇట్లు కొన్న బండిని మొదటి సంవత్సరము మాటిమాటికి మార్చక, ఒకే అమరికలో నుంచి, టైర్లలోని గాలిని మాత్రము ప్రతిదినము సరిచూచుచు, సాధ్యమైనన్ని గంటలు నడుపవలెను. బండి మారనప్పుడు ట్రాకును ఒకమారు చుట్టివచ్చుటకు పట్టు కాలములోని ప్రతి మార్పును నడుపువానిదే యగును. గడియారము అతనికి నిష్పక్షపాతియైన గురువగును. అట్టి సాధన ముగిసిన పిదప తనకు ఎక్కువ శక్తి కావలెనో, తేలికైన చట్రము కావలెనో, లేక ఉన్న బండియే చాలునో అతడు పరుల నడుగనక్కరలేకయే చెప్పగలడు. అతనిని అంతవరకు చేర్చినదే మంచి తొలి కార్టు.